నెలతక్కువ బిడ్డల ఊపిరి, తలసీమియా పిల్లల రక్తం: రెండింటి మీదా రీసెర్చ్ చేయాలంటే ఏ దారి పట్టాలి?

పొదిలి పీజీ:

అందరికీ నమస్కారం. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. మాది పొదిలి దగ్గర పల్లె, నాన్న పొగాకు రైతు. నేను ఎండీ పీడియాట్రిక్స్ మూడో ఏడాదిలో ఉన్నాను. ఇంకో ఐదు నెలల్లో పరీక్షలు, ఆ తర్వాత నీట్ ఎస్ఎస్, అంటే సూపర్ స్పెషాలిటీ సీట్ల కోసం రాసే పరీక్ష. ఏదో ఒకటి తేల్చుకోమని అందరూ అంటున్నారు, నాకేమో తేలడం లేదు.

రాత్రి డ్యూటీలో, అప్పుడే పుట్టిన జబ్బు పిల్లల్ని చూసే వార్డు ఎస్‌ఎన్‌సీయూలో కూర్చుంటే ముక్కులోంచి ఒత్తిడితో గాలి పంపే బబుల్ సీపాప్ సీసాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, పొయ్యి మీద ఎసరు మరుగుతున్నట్టు. ఆ చప్పుడు ఆగిందంటే ఎంత నిద్రమత్తులో ఉన్నా దిగ్గున లేస్తాం, ఎక్కడో ట్యూబ్ ఊడి ఉంటుంది, లేదంటే ముక్కులోంచి ప్రాంగ్ (గాలి పంపే చిన్న గొట్టం) జారి ఉంటుంది. కిందటి నెల కనిగిరి వైపు నుంచి 30 వారాలకే పుట్టిన పాప వచ్చింది, 1,150 గ్రాములు. ఊపిరి తీసినప్పుడల్లా డొక్క లోపలికి పీక్కుపోయేది, సన్నగా మూలిగేది. సీపాప్ పెట్టి, ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ మందు ఇచ్చాం, తెల్లారేసరికి మూలుగు లేదు. ఆ రాత్రి నాకు ఈ పని తప్ప ఇంకోటి వద్దనిపించింది. నా థీసిస్ కూడా ఏ పిల్లల్లో సీపాప్ సరిపోక వెంటిలేటర్ దాకా వెళ్లాల్సి వస్తుందన్న దాని మీదే.

ఇక రెండోది ఇంట్లోనే ఉంది. మా పెద్దమ్మ కూతుర్ని సొంత మేనమామకే ఇచ్చారు, వాళ్ల బాబుకి తలసీమియా మేజర్, అంటే ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారవ్వని పుట్టుక జబ్బు. ఇప్పుడు ఎనిమిదేళ్లు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవడానికి ఒంగోలు వస్తారు. వాడి చేతికి నరం దొరకడం కష్టం, సిస్టర్ రెండుసార్లు గుచ్చినా దొరక్కపోతే వాడే చెయ్యి తిప్పి చూపిస్తాడు, 'పిన్నీ, ఇక్కడ దొరుకుద్ది' అని. ఎనిమిదేళ్ల పిల్లాడికి తన నరాలు ఎక్కడున్నాయో తెలియడం నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. వాడి కోసమే మొదట్లో హిమోగ్లోబిన్ గురించి చదవడం మొదలుపెట్టాను, ఇప్పుడు నిజంగానే దాని మీద మనసు పడింది.

మా యూనిట్‌లో పెద్దవాళ్లు ఒకటే మాట అంటున్నారు, రెండు పడవల మీద కాళ్లు పెడితే నీళ్లలో పడతావని. నేను అడగాలనుకున్నవి ఇవి. ఈ రెండింటికీ సైన్స్‌లో నిజంగా సంబంధం ఉందా, లేక నాకు రెండూ ఇష్టం కాబట్టి నేనే బలవంతంగా ముడి వేస్తున్నానా? ఎండీ తర్వాత చేసే డీఎంలో నియోనాటాలజీ (అప్పుడే పుట్టిన పిల్లల వైద్యం) చేయాలా, హెమటాలజీ (రక్తజబ్బుల వైద్యం) చేయాలా? మన ఒంగోలు, నెల్లూరు లాంటి చోట నుంచే ఏదైనా మొదలుపెట్టే వీలుందా? ఇంటిమీద అప్పులున్నాయి, ఊరికే ఏళ్ల తరబడి జీతం లేకుండా తిరగలేను. అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.


పెన్నా ఒడ్డు డాక్టర్:

అమ్మా, నేను నెల్లూరులో ఇరవై ఏళ్లుగా అప్పుడే పుట్టిన పిల్లల్నే చూస్తున్నాను. నీ మొదటి ప్రశ్నకు జవాబు నీ చేతిలోనే ఉంది, నువ్వు ఇంకా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదంతే. ముడి నువ్వు వేసింది కాదు, ఆ బిడ్డ ఒంట్లో పుట్టుకతోనే ఉంది. దాని పేరు ఫీటల్ హిమోగ్లోబిన్.

కడుపులో ఉన్న బిడ్డకు గాలి లేదు, తల్లి రక్తం నుంచే ఆక్సిజన్ లాక్కోవాలి. అందుకే బిడ్డ హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని తల్లి హిమోగ్లోబిన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. లెక్కలో చెప్పాలంటే సగం హిమోగ్లోబిన్ నిండడానికి పెద్దవాళ్ల రక్తంలో ఆక్సిజన్ ఒత్తిడి సుమారు 27 మిల్లీమీటర్లు (పాదరసం లెక్కలో) ఉండాలి, బిడ్డ రక్తంలో 19, 20 ఉంటే చాలు. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ముప్పాతిక వంతుకు అటూ ఇటూగా ఇదే ఉంటుంది, నెలతక్కువ బిడ్డలో ఇంకా ఎక్కువ. పుట్టాక ఆరు నెలలు తిరిగేసరికి చాలా వరకు తగ్గిపోయి, దాని చోట్లోకి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ వస్తుంది.

ఇప్పుడు మీ అక్క కొడుకుని గుర్తు చేసుకో. పుట్టినప్పుడు బాగానే ఉండి ఉంటాడు, ఐదారు నెలల తర్వాత పాలిపోవడం, పాలు తాగకపోవడం, పొట్ట ఉబ్బడం మొదలై ఉంటుంది. ఎందుకంటే ఫీటల్ హిమోగ్లోబిన్ ఉన్నన్నాళ్లూ వాడికి పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ తయారీకి కావాల్సిన బీటా గొలుసుతో పని లేదు. అది దిగిపోయి బీటా కావాల్సిన వేళకి వాడి దగ్గర బీటా లేదు. ఎర్రకణాలు కొడవలిలా వంకర తిరిగే సికిల్ సెల్ జబ్బూ అంతే. 1948లో బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే డాక్టరమ్మ అప్పుడే పుట్టిన పిల్లల రక్తం చూసి, సికిల్ జబ్బు ఉన్న బిడ్డల్లో కూడా మొదటి నెలల్లో కణాలు పెద్దగా వంకర తిరగడం లేదని గమనించింది, ఫీటల్ హిమోగ్లోబిన్ కాపాడుతోందేమో అని రాసింది. ఆ ఒక్క గమనింపు నుంచి ఎంత దూరం వచ్చామో చూడు. ఫీటల్ హిమోగ్లోబిన్‌ని ఆపేసే స్విచ్ బీసీఎల్11ఏ అనే జన్యువని 2008లో స్టువర్ట్ ఆర్కిన్ ల్యాబ్ నుంచి విజయ్ శంకరన్ వాళ్లు చూపించారు. శంకరన్ అప్పటికి ఇంకా విద్యార్థి, ఆ తర్వాత పిల్లల డాక్టరయ్యాడు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా ఆమోదించిన, జన్యువుని కత్తిరించి మార్చే క్రిస్పర్ చికిత్స క్యాస్‌జెవీ ఆ స్విచ్ మీదే పని చేస్తుంది. ఇదంతా మొదలైంది పుట్టిన పిల్లల వార్డులో తీసిన రక్తపు చుక్కతో.

ఊపిరి వైపు నుంచి చూసినా అంతే. మనం మానిటర్ మీద సాచురేషన్, అంటే ఎంత శాతం హిమోగ్లోబిన్ ఆక్సిజన్ నింపుకుందో ఆ అంకె, 90 నుంచి 95 మధ్య పెట్టుకుని కూర్చుంటాం కదా. 2010లో వచ్చిన సపోర్ట్ ట్రయల్ తర్వాత అందరం అంతకంటే కిందికి దింపడం మానేశాం. 85 నుంచి 89 మధ్య ఉంచిన పిల్లల్లో కంటి జబ్బు తగ్గింది గానీ చనిపోయినవాళ్లు ఎక్కువయ్యారు. కానీ మానిటర్ మీద 92 అన్న అంకె బిడ్డ సొంత రక్తంలో చెప్పే మాట వేరు, రెండుసార్లు పెద్దవాళ్ల రక్తం ఎక్కించాక చెప్పే మాట వేరు. మానిటర్ మీద అంకె అదే, లోపల ఆక్సిజన్ ఒత్తిడి మాత్రం ఎక్కించాక ఎక్కువ ఉంటుంది, కన్నూ ఊపిరితిత్తీ ఆ ఒత్తిడినే ఎదుర్కోవాలి. ఇటలీలో కొందరు డాక్టర్లు ఇదే ఆలోచనతో నెలతక్కువ పిల్లలకు బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన ఎర్రకణాలు ఎక్కించి చూశారు. 2020లో టాప్ ట్రయల్‌లో 1,824 మంది చిన్న పిల్లల్ని రెండు గుంపులు చేసి, హిమోగ్లోబిన్ కాస్త ఎక్కువున్నప్పుడే రక్తం ఇవ్వడమా, బాగా తగ్గేదాకా ఆగడమా అని చూశారు, బతకడంలో గానీ ఎదుగుదలలో గానీ తేడా రాలేదు. అంటే ఎప్పుడు ఎక్కించాలన్నది ఒక ప్రశ్న, ఎలాంటి రక్తం ఎక్కించాలన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండోదానికి నియోనాటాలజీ, హెమటాలజీ రెండూ తెలిసినవాళ్లు కావాలి, వాళ్లు తక్కువ.

ఇంకో మాట. పక్క దారిలో నడిచేవాళ్లకే కొన్ని కనిపిస్తాయి. న్యూజిలాండ్‌లో లిగ్గిన్స్ కాన్పుల డాక్టరు. గొర్రెల్లో కాన్పు ఎలా మొదలవుతుందో చూడడానికి స్టెరాయిడ్ ఇస్తుంటే, బతకకూడనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి తీస్తూ కనిపించింది. ఆయన వెతుకుతున్నది అది కాదు, కానీ వదిలిపెట్టలేదు. పిల్లల డాక్టర్ హోవీతో కలిసి 1972లో తల్లులకు బీటామెథసోన్ ఇచ్చిన ఫలితాలు అచ్చేశారు. ఇవాళ నెలలు నిండకముందే నొప్పులొచ్చిన తల్లికి మనం ఇచ్చే ఇంజక్షన్ అక్కడి నుంచి వచ్చిందే.

డీఎం సంగతికొస్తే, చేతిపని ఒకచోటే బాగా నేర్చుకోవాలి. రాత్రి చప్పుడు ఆగితే నిద్రలోంచి లేచేదానివైతే నియోనాటాలజీ చెయ్యి. ప్రశ్న మాత్రం రక్తంలోంచి తెచ్చుకో. పడవ ఒకటే ఉండనీ, వల రెండు వైపులా వెయ్యొచ్చు.


కోవూరు కుర్రోడు:

నేను తమిళనాడులో డీఎం క్లినికల్ హెమటాలజీ రెండో ఏడాది, ఎండీ పీడియాట్రిక్స్ నుంచే వచ్చాను. సార్ చెప్పిన సైన్స్‌కి అడ్డు చెప్పను, నాకే చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ అక్కా, జీవితం ఎట్టా ఉంటదో కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

నియోనాటాలజీలో మూడేళ్లు ఉంటే నువ్వు ఒక్క తలసీమియా పిల్లాడికీ మందు రాయవు. సారే చెప్పారుగా, ఆ జబ్బు నెలల తర్వాతే బయటపడుద్ది, అప్పటికి ఆ బిడ్డ మీ వార్డు దాటి ఎప్పుడో ఇంటికి పోయుంటాడు. ఒంట్లో చేరిన ఇనుము, గుండె ఎంఆర్ఐ, మజ్జ మార్పిడికి తోబుట్టువుల మ్యాచింగ్, ఇవన్నీ చేతుల మీదుగా జరగాల్సిందే, పుస్తకం చదివితే రాదు. మీ అక్క కొడుకు కోసం అయితే హెమటాలజీకే రా. వేలూరు సీఎంసీలో రక్తం గడ్డకట్టని 'హీమోఫీలియా-ఏ' జబ్బుకి జీన్ థెరపీ చేసి ఐదుగురు రోగుల ఫలితాలు 2024 డిసెంబర్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేశారు, గూడూరు దాటి కాట్పాడి రైలెక్కితే చేరే ఊళ్లో జరిగిన పని అది. ఐదుగురే కదా అనుకోవద్దు, దాని వెనక ఎన్నో ఏళ్ల పని ఉంది, వాళ్లు అన్నాళ్లూ ఒక్కదాని మీదే నిలబడ్డారు.

నాకు భయం ఒక్కటే. రెండు విభాగాల మధ్యలో ఉన్నవాళ్లకు పోస్టు ఎవరిస్తారు? ఇంటర్వ్యూలో 'నువ్వు మా మనిషివా, వాళ్ల మనిషివా' అని అడుగుతారు. నా సీనియర్ ఒకాయన అట్టాగే రెండింటి మధ్య నాలుగేళ్లు తిరిగి, చివరికి ప్రైవేటు ప్రాక్టీసు పెట్టుకున్నాడు. తెలివి తక్కువై కాదు, వెనక నిలబడే డిపార్ట్‌మెంట్ లేక.


పెన్నా ఒడ్డు డాక్టర్:

కోవూరు అబ్బాయి చెప్పిన పోస్టు సంగతి నిజం, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అయితే వంశపారంపర్య రక్తజబ్బులు మా వార్డుకి రావన్నది మాత్రం ఒప్పుకోను. ఎర్రకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న మగబిడ్డ మూడో రోజుకే పసుపుగా వస్తాడు. పుట్టగానే ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరి తీయలేక వచ్చే హైడ్రాప్స్ బిడ్డల్లో కొందరికి కారణం ఆల్ఫా తలసీమియా. నేను చూసిన ఒక బాబుకి పరీక్ష కోసం మడమ మీద గుచ్చితే గంటన్నర దాకా రక్తం ఆగలేదు. అమ్మమ్మని పక్కకు పిలిచి అడిగితే, తన తమ్ముడు చిన్నప్పుడు పన్ను ఊడి రక్తం ఆగక పోయాడని చెప్పింది. హీమోఫీలియా అని అక్కడే అనుమానించి పంపాం, నిజమే అయింది. ఇంటి చరిత్ర అడిగే అలవాటు, వినే ఓపిక ఉంటే రక్తజబ్బులు మొదట కనిపించేది మాకే.


కావలి ల్యాబ్:

నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో హిమోగ్లోబిన్ పరీక్షల మీద పీహెచ్‌డీ చేసి అక్కడే ఒక ల్యాబ్‌లో ఉన్నాను, సొంతూరు కావలి. మీ మూడో ప్రశ్నకి, అంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టొచ్చా అన్నదానికి చెబుతాను.

పుట్టిన బిడ్డ మడమ నుంచి ఫిల్టర్ పేపర్ కార్డు మీద నాలుగు చుక్కలు తీసుకుని ఆరబెడితే, హెచ్‌పీఎల్‌సీ అనే, హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసి చూపే మెషిన్ మీద సికిల్ హిమోగ్లోబిన్ పుట్టినప్పుడే పట్టుకోవచ్చు. లోపమున్న జన్యువు ఒకటే ఉండి జబ్బు లేని బీటా తలసీమియా క్యారియర్‌ని మాత్రం అప్పుడు పట్టుకోలేం, దానికి చూసే హిమోగ్లోబిన్ ఏ2 పుట్టినప్పుడు సరిగా తయారై ఉండదు, ఏడాది దాకా ఆగాలి. ఇక తలసీమియా మేజర్ అయితే పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ దాదాపు కనిపించదు, ఎఫ్, అంటే ఫీటల్ హిమోగ్లోబిన్, ఒక్కటే ఉంటుంది, అప్పుడు అనుమానం వస్తుంది. చిక్కు ఎక్కడంటే నెలతక్కువ బిడ్డకి మామూలుగానే పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ చాలా తక్కువ, కాబట్టి 28 వారాల బిడ్డలో ఎంతకంటే తక్కువుంటే భయపడాలి అన్నది నెలలు నిండిన పిల్లల లెక్కతో చెప్పలేం. ఇదే మీ ప్రశ్న కావచ్చు కదా, మీ వార్డులో పుట్టే పిల్లల మీదే.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, దీన్ని మేం చేదుగా నేర్చుకున్నాం. ఒకసారి 29 వారాల బిడ్డ కార్డు వచ్చింది, మెషిన్ మీద పెద్దవాళ్ల హిమోగ్లోబిన్ కొండలాగా లేచింది. 29 వారాలకు అది జరగదు. ఫోన్ చేసి కనుక్కుంటే ముందురోజు రక్తం ఎక్కించారట. అంటే మేం పరీక్షించింది ఆ బిడ్డ రక్తం కాదు, దానం చేసిన మనిషి రక్తం. అనుమానం రాకపోయి ఉంటే నార్మల్ అని రాసి పంపేవాళ్లం. ఒకసారి ఎక్కించాక మూడు నాలుగు నెలలు ఆగాలి, లేదా డీఎన్ఏ పరీక్షకి పోవాలి. ఊపిరి అందక మీ దగ్గరకొచ్చే పిల్లలకే రక్తం ఎక్కువసార్లు ఎక్కిస్తారు, అంటే పుట్టినప్పటి పరీక్షలో తప్పిపోయేది ఎక్కువగా వీళ్లే. ఎక్కించేముందు కార్డు తీసే అలవాటు ఒక్క యూనిట్‌లో పెట్టి, ముందు ఎంతమందివి అందాయి, తర్వాత ఎంతమందివి అందాయి అని నిజాయితీగా లెక్క రాస్తే అదే రీసెర్చ్. దీనికి కోట్లు అక్కర్లేదు.

డబ్బు విషయానికి, సీనియర్ రెసిడెన్సీలో జీతం వస్తుంది, ఆ ఏడాది ఇలాంటిది ఒకటి పూర్తి చేయండి. ఎండీ ఉన్నవాళ్లకి పీహెచ్‌డీ లేకపోయినా పరిశోధనకు డబ్బిచ్చే ఇండియా అలయన్స్ వాళ్ల క్లినికల్ అండ్ పబ్లిక్ హెల్త్ ఫెలోషిప్‌కి అప్లై చేసే దారి ఉంది, వాళ్ల ఆఫీసు హైదరాబాద్‌లోనే. కేంద్ర వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ గ్రాంట్లు ఉన్నాయి. ల్యాబ్ తోడు కోసం ముంబైలో ఐసీఎంఆర్ వాళ్ల ఇమ్యునోహెమటాలజీ సంస్థ, హైదరాబాద్‌లో డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ ఉన్నాయి. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకున్నారు, 2047 కల్లా జబ్బుని నిర్మూలించాలన్నది లక్ష్యం. పుట్టిన పిల్లల పరీక్ష తెలిసిన డాక్టర్లకి ముందు ముందు పని ఉంటుంది. ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క కార్డు కూడా తీయొద్దు, ట్రయల్ అయితే మొదటి బిడ్డని చేర్చుకోకముందే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐలో రిజిస్టర్ చేయాలి. తొందరపడి ఇక్కడ తప్పు చేసినవాళ్ల పేపర్లు తర్వాత ఎక్కడా తీసుకోలేదు.


ఒంగోలు సిస్టర్:

మేడమ్, నేను పదకొండేళ్లుగా ఎస్‌ఎన్‌సీయూలో స్టాఫ్ నర్సుని. మీ పోస్ట్ చదివి ఆ బుడగల చప్పుడు దగ్గర ఆగిపోయాను, ఇంటికెళ్లి పడుకున్నా చెవుల్లో అదే.

కార్డులు తీసేది ఎవరు మేడమ్, మేమే కదా. అందుకని రెండు మాటలు చెప్తాను. రక్తం కావాలని డాక్టరు రాసేది ఎప్పుడూ హడావుడిలోనే, బేబీ తెల్లబడి ఉంటుంది, అటెండర్ బ్లడ్ బ్యాంకుకి పరుగెత్తుతాడు, ఆ టైంలో 'సిస్టర్, కార్డు కూడా తీయండి' అని నోటిమాటగా చెబితే పదిమందిలో ఆరుగురికి మర్చిపోతాం. రక్తం అడిగే ఫారానికే ఖాళీ కార్డు పిన్ చేసి ఉంచండి, చుక్కలు పడ్డాకే ఫారం బయటికి వెళ్లేట్టు. దానం చేసిన రక్తం బిడ్డకి సరిపోతుందో లేదో చూసే క్రాస్ మ్యాచింగ్‌కి ఎట్లాగూ రక్తం తీస్తాం, అందులోంచే నాలుగు చుక్కలు కార్డు మీద వేయొచ్చు, బిడ్డని రెండోసారి గుచ్చే పని ఉండదు.

రెండోది పేర్లు. పిల్లలకు పేరుండదు, బేబీ ఆఫ్ లక్ష్మి అని రాస్తాం. ఒక్కరోజే మా దగ్గర ముగ్గురు బేబీ ఆఫ్ లక్ష్మిలు ఉన్నారు, వాళ్లలో ఇద్దరి బరువు కూడా దగ్గర దగ్గర. అడ్మిషన్ నంబరు, తల్లి పూర్తి పేరు, పుట్టిన టైం మూడూ లేకుండా కార్డు కదలనివ్వొద్దు.

నా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ఏ బేబీకి ఏ సైజు ప్రాంగ్ పెట్టాం, ఎన్నో గంటకి ముక్కు దూలం ఎర్రబడింది, బ్యాండేజి ముక్క ఎట్లా కత్తిరించి పెడితే తగ్గింది అని ఆరేళ్లుగా రాసుకుంటున్నాను. ఎవరూ అడగలేదు, నా తృప్తికి రాసుకున్నాను. దానివల్ల మీ థీసిస్‌కి ఏమైనా ఉపయోగం ఉంటే చెప్పండి. నాకూ ఎమ్మెస్సీ నర్సింగ్ చేసి ఈ ముక్కు పుండ్ల మీదే పని చేయాలని ఉంది. పెద్ద రీసెర్చ్ అంటే డాక్టర్లదే అనుకుంటారు గానీ, బిడ్డ పక్కన పన్నెండు గంటలు నిలబడేది మేము.


మార్కాపురం అమ్మ:

నేను చదువుకున్న మనిషిని కాదమ్మా, పదో తరగతి. మా బాబుకి తలసీమియా, పదకొండేళ్లు. పెద్ద డాక్టర్లు రాసిన దాంట్లో సగం అర్థం కాలేదు గానీ ఆరు నెలల తర్వాత పాలిపోతాడు అన్నది చదివి ఏడ్చేశాను, మాకూ అట్టాగే అయింది. అప్పుడు ఒక డాక్టరుకి చూపిస్తే రక్తం తక్కువుంది అని ఐరన్ టానిక్ రాశాడు. నాలుగు నెలలు పూటా మర్చిపోకుండా తాగించాను. తొమ్మిదో నెల దాటాక ఇంకొకరు పరీక్ష చేయించి చెప్పారు, వాడి ఒంట్లో ఇనుము తక్కువై కాదని, ఎక్కించే రక్తంతో ఇనుము ఎక్కువై గుండెకి, కాలేయానికి పడుతుందని. ఆ నాలుగు నెలలు నా చేత్తో నేనే తాగించానని ఇప్పటికీ మనసులో ఉంది.

మాది మేనరికం. ఊళ్లో అందరూ అదే మాట, మేనరికం చేసుకున్నారు కాబట్టి ఇట్టా పుట్టాడని. మేనరికం కాని వాళ్లకీ వస్తుందని, ఇద్దరూ క్యారియర్లు అయితే చాలని, ప్రతి కాన్పుకీ నాలుగో వంతు భయం ఉంటుందని నాకు చెప్పింది హైదరాబాద్‌లో కౌన్సిలర్ అమ్మాయి ఒక్కతే. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పదకొండో వారంలో అక్కడికే వెళ్లి పరీక్ష చేయించుకున్నాం. పాప క్యారియర్ అని వచ్చింది, జబ్బు లేదు. ఇప్పుడు అన్న చేతికి రక్తం పెట్టినప్పుడు పక్కన కూర్చుని పాటలు పాడుద్ది.

మీరు ఏ పరీక్ష చేసినా చేయండి, ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. రిపోర్ట్ వచ్చాక దాన్ని తల్లి చేతిలో పెట్టి పంపించొద్దు. కూర్చోబెట్టి చెప్పండి, మొగుణ్నీ అత్తనీ కూడా కూర్చోబెట్టి చెప్పండి. లేకపోతే తప్పంతా ఆ పిల్ల మీదే వేస్తారు.


పొదిలి పీజీ:

మూడు రోజులుగా డ్యూటీల మధ్య ఇవన్నీ చదువుతూనే ఉన్నాను, ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను. అమ్మా, మీరు రాసింది మా అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. మా బాబుకి కూడా మొదట టానిక్కే రాశారని అప్పుడు చెప్పింది, ఇన్నేళ్లలో నాకు తెలియనే తెలియదు. ఆ నాలుగు నెలలు మీ తప్పు కాదమ్మా. తెలుసుకోవాల్సింది మేము, డాక్టర్లం.

నీట్ ఎస్ఎస్‌లో నియోనాటాలజీకే పెట్టుకుంటాను. కోవూరు తమ్ముడూ, నువ్వు చెప్పిన భయం కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాను, డీఎంకి సీటు ఎంచుకునేటప్పుడు హెమటాలజీ విభాగం బలంగా ఉన్న కాలేజీలే ముందు పెడతాను, అప్పుడు వెనక నిలబడేవాళ్లు ఇద్దరుంటారు. సీనియర్ రెసిడెన్సీ ఏడాదిలో రక్తం ఎక్కించేముందు కార్డు తీసే పని మొదలుపెట్టాలని మా మేడమ్‌తో నిన్న మాట్లాడాను. ముందు ఒక పేజీలో రాసుకుని రమ్మన్నారు, ఫలితం చెప్పడానికి కౌన్సెలింగ్ ఎవరు చేస్తారో, ఎక్కడ కూర్చోబెట్టి చేస్తారో అది కూడా రాయమన్నారు. సిస్టర్, ఫారానికి కార్డు పిన్ చేయడం మీ ఆలోచనే కాబట్టి ఆ కాగితంలో మీ పేరు కూడా ఉండాలి, ఇన్‌బాక్స్‌లో మాట్లాడదాం. నోట్‌బుక్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్స్ తీసి ఉంచండి. ఎమ్మెస్సీ థీసిస్‌కి అది మీకే కావాలి.

కావలి అన్నా, ఒక చిన్న సందేహం. మా దగ్గర కార్డులు ఆరబెట్టడానికి వేరే చోటు లేదు, పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్ పక్కన బల్ల ఉంది, అక్కడ పెడితే తొందరగా ఆరుతాయి కదా, పర్వాలేదా?


కావలి ల్యాబ్:

వద్దమ్మా, వార్మర్ దగ్గర అస్సలు పెట్టొద్దు. వేడికి హిమోగ్లోబిన్ పాడై మెషిన్ మీద లేనిపోని గీతలు వస్తాయి. మా మొదటి ఏడాది రోహిణి కార్తెలో ఒక బ్యాచ్ మొత్తం అట్లాగే పోయింది, ఎండ పడే కిటికీ దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చి ఆరబెట్టారు, అతుక్కుపోయి వచ్చాయి. ఎట్లా ఆరబెట్టాలో నేర్పకుండా కార్డులు పంపింది మేమే, తప్పు మాదే.

బట్టలారేసే ప్లాస్టిక్ స్టాండ్ లాంటిది చిన్నది కొనండి, కార్డులు పడుకోబెట్టినట్టు అడ్డంగా, ఒకదానికొకటి తగలకుండా, గది వేడిలో కనీసం మూడు నాలుగు గంటలు ఉండాలి. ఎండ వద్దు, చుక్కల మీద చేత్తో ముట్టుకోవద్దు. ఆరాక ఒక్కో కార్డు విడిగా కవర్లో పెట్టి, తేమ పీల్చే సిలికా పొట్లం వేసి జిప్ కవర్లో మూసేయండి. మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ, ఆ పొట్లం మర్చిపోతే రెండు రోజుల్లో మెత్తబడతాయి. ముందు ఖాళీ కార్డుల మీద మీ సొంత వేలి రక్తం ఐదారు చుక్కలు వేసి, ఆరబెట్టి నాకు పంపండి, పిల్లలవి తీయకముందే మీ వార్డు గాలికి ఎట్లా నిలుస్తాయో చూసి చెబుతాను.